బాకీ వసూలుకూ అన్నదమ్ముల పంపకానికీ బందీల విడుదల పాఠాలు

ప్రశ్న: ఖమ్మంలో మాకు పెయింట్లు, పైపులు, శానిటరీ సామాను అమ్మే దుకాణం ఉంది. నాన్నగారు పెట్టిన దుకాణం. ఆయన పోయిన దగ్గర్నుంచి నేనే చూసుకుంటున్నాను. ఇళ్లు కట్టే కాంట్రాక్టర్ ఒకరు 14 నెలలుగా మాకు రూ. 4,60,000 బాకీ ఉన్నారు. సంక్రాంతి ముందు రూ. 40,000 కట్టారు. మిగతాది కూడా రాబట్టాలని ఆ సాయంత్రమే మా గుమాస్తాను సైట్ దగ్గరికి పంపితే, అతను మేస్త్రీలు, కూలీల ముందే గట్టిగా అడిగాడు. అప్పటినుంచి ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఈమధ్య హైదరాబాద్‌లో ఒక శిక్షణకు వెళ్లాను. బందీలను విడిపించే పోలీసు అధికారులు మాట్లాడే పద్ధతిని వ్యాపారంలో ఎలా వాడాలో నేర్పారు. ఎదుటివారి చివరి రెండు మూడు మాటలను తిరిగి అనాలనీ, వారి మనసులో ఉన్నదానికి పేరు పెట్టి చెప్పాలనీ అన్నారు. కాంట్రాక్టర్ బజారులో ఎదురుపడినప్పుడు అలాగే చేశాను. "ఏంది సేటూ, నా మాట నాకే అప్పజెప్తున్నరు, ఎగతాళా?" అని వెళ్లిపోయారు. ఇంకొక విషయం. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. నిరుటి దసరా నుంచి దుకాణంలో తన వాటా తేల్చమంటున్నాడు. "నువ్వు ఏనాడైనా షట్టర్ ఎత్తావా?" అని నేను ఒక మాట అన్నాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. ఈ పద్ధతులు మన దగ్గర పనిచేస్తాయా? పనిచేసినా, అయినవాళ్ల మీద ఇలాంటివి ప్రయోగించడం మోసం కాదా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. పనిచేస్తాయి. అయితే శిక్షణలో మీకు అందినవి ఆ విద్యలో పైకి కనిపించే నాలుగు మాటలు మాత్రమే. ఎదుటి మనిషి నిజంగా ఏ ఇబ్బందిలో ఉన్నాడో తెలుసుకోవాలన్న పట్టుదల వెనక లేకుండా ఆ మాటలను వాడితే, మీ కాంట్రాక్టర్ పసిగట్టినట్టే ఎవరైనా పసిగడతారు. ఆయన కోపానికి కారణం ఉంది. ఇన్ని నెలలుగా తనతో డబ్బు సంగతి తప్ప మరొకటి మాట్లాడని మనిషి నడిబజారులో నిలబెట్టి తన మాటలే తనకు వినిపిస్తుంటే, సైట్ దగ్గర జరిగిన అవమానం ఇంకా పచ్చిగా ఉన్న ఆయనకు అది వెక్కిరింపుగా కాక మరెలా తోస్తుంది? మాట తిరిగి అనడం తప్పు కాదు. అనే చోటు, వేళ, అంతకుముందు చేయవలసిన పని తప్పాయి.

ఈ విద్య ఏ అవసరంలోంచి వచ్చిందో కొంత తెలిస్తే నేను చెప్పబోయేది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. 1971 సెప్టెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని అట్టికా జైలులో ఖైదీలు సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. నాలుగు రోజుల తర్వాత ప్రభుత్వ బలగాలు కాల్పులు జరుపుతూ లోపలికి చొరబడ్డాయి. ఆ ఘటనలో మొత్తం 43 మంది చనిపోయారు. ఎవరిని విడిపించడానికి వెళ్లారో ఆ బందీల్లో కొందరు కూడా ఆ తూటాలకే బలయ్యారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సాయుధులు ఇజ్రాయెల్ బృందాన్ని పట్టుకున్నప్పుడు జర్మన్ పోలీసులు చేసిన విడుదల ప్రయత్నం విఫలమై, అంతకుముందే హతులైన ఇద్దరితో కలిపి 11 మంది ఇజ్రాయెలీ బృంద సభ్యులు ప్రాణాలు కోల్పోయారు. బలంతో దూసుకెళ్లడం ఎంత ఖరీదైనదో ఈ రెండు చోట్లా లోకం చూసింది. న్యూయార్క్ నగర పోలీసు శాఖలో హార్వీ ష్లాస్‌బర్గ్ అనే డిటెక్టివ్ ఉండేవారు. ఆయనకు మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ ఉంది. ఆయనా, ఫ్రాంక్ బోల్జ్ అనే అధికారీ కలిసి, బందీల ఘటనల్లో మాట్లాడటానికే ప్రత్యేకంగా శిక్షణ పొందిన దళాన్ని 1973లో రూపొందించారు. ఆ ఏడాది జనవరిలోనే బ్రూక్లిన్‌లోని ఒక క్రీడాసామగ్రి దుకాణంలో దొంగలు పలువురిని నిర్బంధించారు. మొదట్లోనే ఒక పోలీసు అధికారి హతుడైనా, మిగతావారు ప్రతీకారానికి తొందరపడకుండా చుట్టూ కాపు కాశారు. 47 గంటల తర్వాత ఆ ముట్టడి ముగిసేసరికి బందీలందరూ క్షేమంగా బయటపడ్డారు, దుండగులు లొంగిపోయారు.

అక్కడ వారు గ్రహించినది చాలా మామూలు విషయం. మనిషి ఆవేశం గంటల తరబడి ఒకే మోతాదులో నిలవదు. ఆకలి వేస్తుంది, అలసట వస్తుంది, ఆలోచన తిరిగి మొదలవుతుంది. ఆ సమయం గడవాలంటే ఆ మనిషి చేత మాట్లాడించాలి. మాట్లాడాలంటే తన మాట ఎవరో వింటున్నారని అతనికి అనిపించాలి. వినడాన్ని ఒక పద్ధతిగా మలిచిన పని అంతకుముందే మనస్తత్వ చికిత్సలో జరిగింది. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్, తన సహచరుడు రిచర్డ్ ఫార్సన్‌తో కలిసి 1957లోనే దాని గురించి రాశారు. అంటే తుపాకీ పట్టుకున్న మనిషితో పోలీసులు మాట్లాడే తీరుకు మూలం, బాధతో వచ్చిన మనిషి ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్న వైద్యుడి దగ్గర ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, ఈ మాటలు ఎదుటివారిని లొంగదీయడానికి తయారైనవి కావని మీకు నమ్మకం కుదురుతుంది.

తర్వాతి కాలంలో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఈ అనుభవాన్ని అయిదు మెట్లుగా వివరించింది. మొదట శ్రద్ధగా వినడం, ఆ వినడంలోంచి ఎదుటివారి స్థితిని వారి వైపునుంచి చూడగలగడం, దానివల్ల ఇద్దరి మధ్య ఒక చనువు, నమ్మకం ఏర్పడటం, ఆ నమ్మకం ఉన్నప్పుడు మాత్రమే మన మాటకు విలువ రావడం, చివరగా వారి నడవడిలో మార్పు. ఒక మెట్టు వదిలి పైమెట్టు ఎక్కడం కుదరదన్నదే ఇందులో అసలు విషయం. అయినా ఇంట్లోనూ అంగట్లోనూ మనం రోజూ చేసేది అదే. మీరు కాంట్రాక్టర్ని కలిసిన ప్రతిసారీ "డబ్బు ఎప్పుడిస్తారు?" అన్న చివరి మెట్టు మీదే నిలబడి అడిగారు. అది మీ హక్కు కాదని నేను అనడం లేదు. సరుకు మీది, డబ్బు మీది. కానీ 14 నెలలుగా ఆ ప్రశ్న మీకు ఆ రూ. 40,000 తప్ప ఏమీ తెచ్చిపెట్టలేదు కాబట్టి, మరో దారిలో ప్రయత్నించడం వల్ల మీరు పోగొట్టుకునేది లేదు.

ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. ఫోన్ చేయకండి, గుమాస్తాను పంపకండి. ఉదయం పూట, ఆయన సైట్‌కు బయల్దేరేలోపు, మీరు ఒక్కరే ఆయన ఇంటికి వెళ్లండి. ఖాతా పుస్తకం చేతిలో పట్టుకుని వెళ్లకండి. అది కనిపిస్తే ఆయనకు మరేదీ కనిపించదు. ఆయన మనసులో మీ మీద ఏ ఆరోపణ ఉందో దాన్ని ముందు మీరే అనండి. "సైట్ దగ్గర మావాడు అలా అడగడం తప్పు. పంపింది నేను. పదిమంది పనివాళ్ల ముందు మీకు తల కొట్టేసినట్టు అయి ఉంటుంది" అనండి. దానికి వెంటనే "కానీ" చేర్చి డబ్బు మాట ఎత్తకండి. బందీల చర్చల్లో ఆరితేరినవారు మౌనాన్ని కూడా ఒక మాటగానే వాడతారు; ఆయన ఏదో ఒకటి అనేదాకా ఆగండి. "పర్లేదులెండి" అని ముక్తసరిగా అంటే ఆయన ఇంకా లోపలికి రానివ్వలేదని అర్థం. అప్పుడు కూడా తొందరపడకుండా, పని ఎలా నడుస్తోందని అడగండి.

ఆ తర్వాత మాటలు ఏ దారిన పోవచ్చో ఊహించి చెబుతాను. ఆయన "ఆ ఇంటాయన ఫైనల్ బిల్లు ఇయ్యలేదు సేటూ" అన్నారనుకుందాం. "నాకేం సంబంధం?" అని మనకు నోటిదాకా వస్తుంది. దానికి బదులు "ఫైనల్ బిల్లు ఇయ్యలేదా?" అని మాత్రం అని ఆగండి. ఇక్కడ ఆయన మాటనే తిరిగి అంటున్నారు. అయినా ఇది వెక్కిరింపుగా వినిపించదు, ఎందుకంటే మీకు నిజంగానే తెలియని విషయాన్ని నిజంగానే అడుగుతున్నారు. ఆయన కొనసాగిస్తారు: "పై స్లాబు కారుతున్నదని మూడు లక్షలు పట్టుకున్నడు. మేస్త్రీలకు నేను చేతి నుంచి కట్టిన. నేనెక్కడి నుంచి తెచ్చి ఇయ్యాలె?" ఇప్పుడు మీరు విన్నదాన్ని మీ మాటల్లో ఒకసారి కూర్చి చెప్పండి: "పనంతా చేసి కూడా మీ డబ్బు అక్కడ ఇరుక్కుపోయింది. పైగా మేస్త్రీల కూలి మీ మీద పడింది. ఇటు నేను, అటు వాళ్లు." ఆయన "గదే కదా!" అన్నారంటే, మొదటిసారిగా మీ ఇద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడుకుంటున్నారని లెక్క.

ఆ సమాచారం విలువ ఎంతో చూడండి. కారే స్లాబును బాగుచేసే వాటర్‌ప్రూఫింగ్ సామాను అమ్మేది మీరే. పెయింట్ కంపెనీ మనిషిని సైట్‌కు రప్పించి కారణం చూపించగలిగేది కూడా మీరే. కారడం ఆగితే ఇంటి యజమాని పట్టుకున్న సొమ్ము కదులుతుంది. అది కదిలితే మీ బాకీ కదులుతుంది. ప్రతి బాకీ వెనకా ఇంత అనుకూలమైన కారణం దొరుకుతుందని నేను చెప్పలేను. ఆయన ఆ డబ్బును మరో చోట స్థలానికి పెట్టి ఉండవచ్చు, లేదా మీలాంటి ముగ్గురికి బాకీ పడి అందరిలో గట్టిగా అడిగినవారికి ముందు కడుతూ ఉండవచ్చు. ఏదైనా సరే, అది తెలిస్తేనే మీరు వేయవలసిన అడుగు తెలుస్తుంది. ఇన్ని నెలల్లో ఆయన ఎందుకు కట్టడం లేదో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నేను గమనించాను.

భావానికి పేరు పెట్టమని మీకు చెప్పిన పద్ధతి గురించి కూడా ఒక మాట. "మీకు కోపంగా ఉన్నట్టుంది", "మీరు బాధపడుతున్నట్టున్నారు" అని మొహం మీద అనడం మన దగ్గర, ముఖ్యంగా మగవాళ్ల మధ్య, వయసులో పెద్దవారి దగ్గర, తప్పు పట్టినట్టుగా వినిపిస్తుంది. మనసును కాక పరిస్థితిని పేరుపెట్టి చెప్పండి. "ఇరుక్కుపోయింది", "మీ మీద పడింది", "మీకు మాట దక్కలేదు" వంటి పలుకులు మన వాడుకలో ఎప్పటినుంచో ఉన్నాయి, అవి అదే పని చేస్తాయి. అలాగే "ఎందుకు కట్టలేదు?" అన్న ప్రశ్న నిలదీసినట్టు ఉంటుంది, జవాబుగా సాకులే వస్తాయి. "మేస్త్రీల కూలి ఆగకుండా నెలకు ఎంతైతే మీకు వీలవుతుంది?" అని అడిగితే ఆయన లెక్క వేయడం మొదలుపెడతారు. ఆయన నోటితో చెప్పిన మొత్తం మీరు నిర్ణయించిన మొత్తం కన్నా తక్కువే ఉండవచ్చు, కానీ ఆయన దాన్ని కట్టే అవకాశం ఎక్కువ.

సంక్రాంతి నాటి సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. 1993లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం వేకో దగ్గర ఒక మతవర్గం ఆశ్రమాన్ని ఎఫ్‌బీఐ 51 రోజులు ముట్టడించింది. చర్చల బృందం ఓపికగా మాట్లాడి, విడతలు విడతలుగా పిల్లలతో సహా 35 మందిని బయటికి రప్పించింది. అయితే ఎఫ్‌బీఐలోనే ఉన్న సాయుధ బృందం వేరే దారి పట్టింది. మార్చి 12న లోపలినుంచి ఇద్దరు బయటికి వచ్చారు. ఆ రాత్రే ఆశ్రమానికి కరెంటు తీసేశారు. తర్వాత పెద్ద శబ్దాలతో పాటలు పెట్టి నిద్ర పట్టనివ్వలేదు. ఒక అడుగు దిగివచ్చిన ప్రతిసారీ శిక్ష పడుతుంటే లోపలివారు ఏం నేర్చుకుంటారు? బయటికి రావడం క్రమంగా ఆగిపోయింది. ఏప్రిల్ 19న ముట్టడి మంటల్లో ముగిసింది. 70 మందికి పైగా చనిపోయారు. చర్చల బృందానికి మొదటి సగం రోజులు నాయకత్వం వహించిన గ్యారీ నోస్నర్ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ వైరుధ్యం గురించే మాట్లాడారు. వేకో విషాదాన్ని మీ బాకీతో పోల్చడం నా ఉద్దేశం కాదు. అక్కడ తేలిన సూత్రం మాత్రం మీకు అక్షరాలా వర్తిస్తుంది. మీ కాంట్రాక్టర్ రూ. 40,000 పట్టుకొచ్చిన రోజున ఆయనకు దక్కవలసింది ఒక కప్పు టీ, ఒక మంచి మాట. ఆయనకు దక్కినది కూలీల ముందు అవమానం. డబ్బు కడితే ఏమవుతుందో మీరు ఆ సాయంత్రం ఆయనకు నేర్పారు. ఇకముందు అయిదువేలు తెచ్చినా సరే, ఆ రోజుకు మిగతా బాకీ మాట ఎత్తకండి.

ఇదంతా చదివి, మెత్తగా మాట్లాడుతూ కూర్చుంటే డబ్బు మునిగిపోదా అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన సందేహమే. బ్రూక్లిన్‌లో పోలీసులు ఓపికగా మాట్లాడగలిగింది ఆ దుకాణం చుట్టూ గట్టి కాపలా ఉండబట్టే. ఆ చుట్టుబందు లేనప్పుడు మాటకు ఎంత బలం తగ్గుతుందో మన దేశం 1999 డిసెంబర్‌లో చూసింది. హైజాక్ అయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం కాందహార్ చేరేసరికి దాని చుట్టూ ఉన్నది తాలిబాన్ల బలగం. 36 మంది ఖైదీల విడుదల, 20 కోట్ల డాలర్లు అడిగిన హైజాకర్లను మన అధికారులు మాటలతోనే ముగ్గురి దాకా దించారు. కానీ ఆ ముగ్గురిని వదిలిపెట్టక తప్పలేదు, అంతకుముందే ఒక ప్రయాణికుడు హతుడయ్యాడు. అందుకని ఆయన ఇంటికి వెళ్లే ముందు మీ చుట్టుబందును మీరు చూసుకోండి. కొత్త సరుకు అరువు మీద ఇవ్వడం ఆపండి; ఇచ్చిన సరుకు బిల్లులన్నీ తేదీల వారీగా ఒకచోట పెట్టండి. అమ్మిన సరుకు సొమ్ముకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం మామూలుగా ఇచ్చే గడువు మూడేళ్లు. ఆ గడువు దాటకముందే, ఇంత బాకీ ఉన్నానని ఆయన రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి గడువు కొత్తగా మొదలవుతుంది. ఆ రూ. 40,000 చెక్కుగా ఇచ్చారా, సంతకం లేకుండా నగదుగా ఇచ్చారా అన్నది కూడా దీనికి ముఖ్యం; మీ వకీలుకు చూపించండి. వాయిదాలు కుదిరిన రోజున "ఇద్దరికీ గుర్తుండటానికి రాసుకుందాం" అని నిల్వ బాకీ, వాయిదా తేదీలు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేసుకోండి. బెదిరింపుగా కాక ఒప్పందంగా ఆ సంతకం దొరకడం మీరు విన్నందుకు వచ్చే ఫలితమే.

మోసం కాదా అన్న మీ రెండో ప్రశ్నను నేను చాలా గౌరవిస్తాను. ఆ ప్రశ్న వేసుకోని మనిషి చేతిలో ఈ మాటలు ప్రమాదకరమే. తెలుసుకోవడానికి నేను పెట్టుకునే పరీక్ష ఒకటే: నేను ఏం చేస్తున్నానో ఎదుటివారికి తెలిసినా నా పని నడుస్తుందా? "గట్టిగా అడిగి ఇన్నాళ్లు ఏమీ సాధించలేదు, ఈసారి మీ ఇబ్బంది ఏమిటో పూర్తిగా విందామని వచ్చాను" అని కాంట్రాక్టర్‌తో నిస్సంకోచంగా చెప్పవచ్చు. చెప్పినా పోయేదేమీ లేదు, ఇంకా మంచిది. ఎదుటివారి స్థితిని అర్థం చేసుకున్నామంటే వారి కోరికను ఒప్పుకున్నట్టు కాదు. బందీలతో ఉన్న మనిషి కష్టాన్ని గంటల తరబడి విన్న అధికారి, చివరికి అతన్ని బేడీలతోనే బయటికి తెస్తాడు. ఆయన డబ్బు ఇరుక్కుందని మీరు ఒప్పుకుంటున్నారు. బాకీ లేదని ఒప్పుకోవడం లేదు. అర్థం కాకుండానే అర్థమైనట్టు నటించడం మాత్రం మోసమే. అది దొరికిపోతుంది కూడా, మీరు బజారులో చూశారు.

తమ్ముడి విషయం ఇంతకన్నా బరువైనది. కాంట్రాక్టర్‌తో లెక్క తేలితే ఎవరి దారి వారిది. అన్నదమ్ములకు అలా కుదరదు. ముందు చట్టం మాట ఒకటి చెప్పి పక్కన పెడతాను. దుకాణం మీ నాన్నగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, మీది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబమైతే, అందులో అమ్మగారికీ, కొడుకులకూ, కూతుళ్లుంటే వారికీ సమాన భాగాలు. షట్టర్ ఎత్తినవారు, ఎత్తనివారు అన్న తేడా ఆ చట్టంలో లేదు. నాన్నగారి తర్వాత మీరు పెంచిన వ్యాపారం, పడిన శ్రమ మాట్లాడుకోవలసిన విషయాలే. కానీ తమ్ముడు అడుగుతున్నది మీ దయను కాదని మీరు మనసులో స్థిరం చేసుకుంటే తప్ప మీ గొంతులో మార్పు రాదు.

మీరు అన్న ఆ ఒక్క వాక్యాన్ని అతని వైపునుంచి విని చూడండి. బహుశా చదువుకొమ్మని అతన్ని హాస్టల్‌కు పంపింది నాన్నగారే. ఉద్యోగం వచ్చినప్పుడు సంతోషించింది మీరందరూ. ఇప్పుడు ఆ దూరమే తన నేరమని అన్న నోటివెంట వింటే, ఈ ఇంట్లో తాను పరాయివాణ్ణయ్యానని అతను అనుకోడా? వాటా అన్న మాట కింద ఏముందో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఫ్లాటుకు డబ్బు అవసరమై ఉండవచ్చు, ఉద్యోగం మీద భయం పట్టుకుని ఉండవచ్చు, నాన్నగారి దుకాణం బోర్డు మీద తన పేరు కూడా ఉండాలన్న కోరిక తప్ప మరేమీ కాకపోవచ్చు. ఈ మూడింటికీ పరిష్కారాలు వేరు. ఏది నిజమో తెలియకుండా మీరు ఎంత ఇచ్చినా అతనికి తక్కువగా, మీకు ఎక్కువగా తోస్తుంది.

బందీల చర్చల్లో ఒక గట్టి నియమం ఉంది: మాట్లాడేవాడు నిర్ణయం తీసుకోడు, నిర్ణయం తీసుకునేవాడు మాట్లాడడు. వెంటనే అవుననో కాదనో చెప్పవలసిన భారం లేనివాడికే వినడానికి తీరిక ఉంటుంది. మీ ఇంట్లో ఆ రెండు పాత్రలూ మీవే కనుక, వాటిని రెండు రోజులుగా విడదీయండి. మొదటిసారి కూర్చున్నప్పుడు ఏమీ తేల్చబోమని ముందే చెప్పండి. హైదరాబాద్‌కు మీరే వెళ్లండి. "ఆ రోజు షట్టర్ మాట అనకుండా ఉండవలసింది. నీ మనసులో ఏముందో ఈ రోజు వింటాను, జవాబు చెప్పను" అని మొదలుపెట్టి, ఆ మాట మీద నిలబడండి. అతను అన్యాయంగా మాట్లాడతాడు. మీరు చేసినవన్నీ మరిచిపోయినట్టు మాట్లాడతాడు. అప్పుడే మీకు నిజమైన పరీక్ష. లెక్కలు చెప్పి సరిదిద్దాలని నాలుక దురద పెడుతుంది. అయినా సరిదిద్దకండి, విన్నది మీ మాటల్లో చెప్పి, "అంతేనా, ఇంకేమైనా ఉందా?" అని మాత్రం అడగండి.

మీరిద్దరూ నేరుగా కూర్చోలేని పరిస్థితి ఉంటే మధ్యవర్తిని పెట్టుకోండి, అయితే ఎంపికలో జాగ్రత్త. 2011 ఫిబ్రవరిలో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కలెక్టర్, మన తెలుగువాడైన ఆర్. వినీల్ కృష్ణను మావోయిస్టులు అపహరించినప్పుడు ప్రభుత్వానికీ వారికీ మధ్య నిలిచినది ప్రభుత్వ ఉద్యోగులు కారు. ప్రొఫెసర్ జి. హరగోపాల్, ప్రొఫెసర్ ఆర్. సోమేశ్వరరావు, దండపాణి మొహంతి మధ్యవర్తులుగా వ్యవహరించారు. అపహరించినవారు నమ్మే మనుషులు, ప్రభుత్వం మాట్లాడటానికి ఒప్పుకున్న మనుషులు. ఫిబ్రవరి 16న పట్టుకుపోయిన కలెక్టర్ 24న క్షేమంగా తిరిగివచ్చారు. మీరు కూడా మీ తరఫు పెద్దమనిషిని కాకుండా, తమ్ముడు పేరు చెప్పగానే సరేనని ఒప్పుకునే మనిషిని వెతకండి. నాన్నగారి స్నేహితుల్లో అలాంటివారు ఒకరు ఉంటారు. ఆయన్ను తీర్పు చెప్పమని అడగకండి, ఒకరి మాట మరొకరికి చేరవేయమని మాత్రం అడగండి. మన పంచాయతీల్లో పెద్దమనుషులు విన్న పది నిమిషాలకే తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పును పైకి ఒప్పుకున్న అన్నదమ్ములు జీవితాంతం మాట్లాడుకోకపోవడం మీరూ చూసే ఉంటారు.

ఇక అమ్మగారి సంగతి. సినిమాల్లో పోలీసులు దుండగుడి తల్లిని తెచ్చి మైకు చేతికిస్తారు. నిజమైన చర్చల బృందాలు కుటుంబసభ్యులను ఫోన్ దగ్గరికి తేవడానికి చాలా వెనకాడతాయి. ఆ మనిషి కోపానికి మూలం ఆ కుటుంబంలోనే ఉండవచ్చు, ఒక్క పాత మాట దొర్లితే గంటల శ్రమ పోతుంది. అందువల్ల "అమ్మ ఏడుస్తోంది" అని తమ్ముడికి కబురు పంపకండి, ఆమె చేత ఫోన్ చేయించకండి. ఆమె బాధతో అతన్ని ఒప్పిస్తే అతను వాటా వదులుకుంటాడేమో గానీ, ఆ బాధ్యత ఆమె మీద పడుతుంది. ఈ పంపకంలో ఆమె కూడా ఒక హక్కుదారు. హైదరాబాద్ వెళ్లే ముందు రోజు రాత్రి ఆమె దగ్గర కూర్చుని, తమ్ముడి ప్రస్తావన తేకుండా, ఈ దుకాణం గురించి ఆమె ఏమనుకుంటున్నదో అడిగి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా వినండి.